హార్జ్ కొండల్లో అమ్మమ్మతో ఒక వేసవి

ఉత్తర జర్మనీ మైదానాల నుంచి దక్షిణానికి వచ్చేవారికి మొదట ఎదురయ్యే ఎత్తయిన కొండలు హార్జ్ కొండలు. ఆల్ప్స్ పర్వతాలకు ఉన్న పేరు వాటికి లేదు. ఏడాది పొడవునా మంచు కప్పుకొని ఉండే శిఖరాలు అక్కడ కనిపించవు. అన్నిటికన్నా ఎత్తయిన బ్రోకెన్ శిఖరం కూడా 1,141 మీటర్లు మాత్రమే. మేముంటున్న బోఖుమ్ నగరంలో మా ఇరుగుపొరుగు వాళ్లు వేసవి సెలవులకు ఇటలీ సముద్రతీరానికో, ఆస్ట్రియా కొండలకో బయలుదేరుతుంటే, 1996 వేసవిలో మా నాన్న మాత్రం హార్జ్‌కు వెళ్దామన్నారు. ఆ కొండల్లో వెయ్యేళ్లకు పైగా వెండి, సీసం, రాగి, జింకు తవ్వారు. అక్కడి రామెల్స్‌బెర్గ్ గని మూతపడి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. నాన్నను అటు లాగడానికి ఆ ఒక్క మాట చాలు.

నాన్న సింగరేణి మనిషి. ఇంజనీరుగా చేరి కొత్తగూడెంలోనూ ఇల్లందులోనూ కొన్నేళ్లు పనిచేసి, గనుల యంత్రాల మీద పరిశోధన చేసే అవకాశం రావడంతో జర్మనీలోని రూర్ ప్రాంతానికి వచ్చారు. అప్పటికి రూర్‌లో బొగ్గు గనులు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో చిట్టచివరిది 2018 డిసెంబరులో మూతపడింది. అమ్మది ఇల్లందు. 1889లోనే బొగ్గు తవ్వకం మొదలైన ఊరు అది. అమ్మ తండ్రి, అంటే మా తాతయ్య, అక్కడి బొగ్గు బాయిలో కోల్ ఫిల్లరు. తట్ట, చెమ్మాసు (బొగ్గు ఎత్తే పార) పట్టుకొని బొగ్గు టబ్బులు నింపుతూ, ఆ కూలితోనే అమ్మను చదివించి టీచరును చేశాడు. ఒక ఆఫీసరు ఒక ఫిల్లరు కూతుర్ని చేసుకోవడం ఆ రోజుల్లో ఊళ్లో చాలాకాలం చెప్పుకున్న సంగతి.

ఆ వేసవిలో అమ్మమ్మ మా దగ్గరికి వచ్చింది. తాతయ్య పోయి అప్పటికి కొన్నేళ్లయింది. అమ్మమ్మకు నాన్న అంటే ఎంతో గౌరవం, కానీ ఆ గౌరవమే ఇద్దరి మధ్య మాట లేకుండా చేసింది. నాన్న గదిలోకి వస్తే కొంగు సర్దుకొని లేచి నిలబడేది. ఆయన ఎదురుగానే కూర్చొని భోంచేస్తున్నా, "బాబును అడుగమ్మా, ఇంకింత అన్నం పెట్టుకుంటరేమో" అని అమ్మ చేత అడిగించేది. నాన్న కూడా "అత్తమ్మకు చలిగా ఉందేమో కనుక్కో" అని అమ్మతోనే అనేవారు. అలాంటి ఇద్దరినీ ఒకే టెంటులో ఉంచే ప్రయాణం ఇది. అమ్మ మొదట ఒప్పుకోలేదు. అమ్మమ్మను ఇంట్లో ఒంటరిగా వదలడానికి మాత్రం ఆమెకు అంతకన్నా మనసొప్పలేదు. చివరికి నడుమ వసారా, రెండు వైపులా పడక అరలు ఉన్న పెద్ద టెంటును నాన్న ఒక సహోద్యోగి దగ్గర అడిగి తెచ్చారు. ఒక అరలో అమ్మమ్మ, నేను. రెండో అరలో అమ్మ, నాన్న, తమ్ముడు.

మా పాత ఒపెల్ కారు వెనక భాగంలో పట్టినన్ని సామాన్లు పట్టాయి. టెంటు గుడ్డ, ఇనుప కమ్మీలు, మేకులు, రబ్బరు సుత్తి, గాలి పరుపులు, చిన్న గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కర్, బియ్యం సంచి, అమ్మమ్మ వెంట తెచ్చిన ఆవకాయ, నువ్వుల పొడి, చింతపండు. చెక్క ఇళ్లున్న పల్లెలు దాటి క్లాస్టాల్-సెల్లర్‌ఫెల్డ్ అనే కొండమీది ఊరికి దగ్గర్లో, స్ప్రూస్ చెట్ల మధ్య ఒక చెరువు ఒడ్డున ఉన్న క్యాంపింగ్ స్థలానికి సాయంత్రానికి చేరాం. ఆ ఎత్తులో జూలై నెలలో కూడా రాత్రిళ్లు వణుకు పుట్టించే చలి. అమ్మమ్మ చీర మీద స్వెటరు, స్వెటరు మీద నాన్న పాత కోటు వేసుకొని, మంకీ క్యాప్ పెట్టుకొని టెంటు ముందు మడత కుర్చీలో కూర్చుంది. చుట్టూ ఉన్న టెంట్లవాళ్లు వెళ్తూ వస్తూ ఆమెకు తలవంచి నమస్కారం చెప్పేవారు. ఆమె రెండు చేతులూ జోడించి ప్రతి ఒక్కరికీ బదులు చెప్పేది.

క్యాంపింగ్‌లో బతుకు ఒక క్రమంలో సాగేది. మరుసటి ఉదయానికి కావలసిన రొట్టెలు ముందురోజు సాయంత్రమే ఆఫీసు గదిలో చెప్పి ఉంచాలి. వేడినీళ్ల స్నానానికి బిళ్ల వేయాలి. బిళ్ల అయిపోతే నీళ్లు ఆగిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి వరకు నిశ్శబ్దం పాటించాలి, ఆ సమయంలో కార్లు లోపలికి రాకుండా గేటు కూడా వేసేస్తారు. అందుకని అమ్మ కుక్కరు కూతలన్నీ పన్నెండున్నర లోపే ముగించేది. అప్పుడే కాల్చి తెచ్చిన గుండ్రటి రొట్టెను రెండుగా చీల్చి, వెన్న రాసి, పైన ఆవకాయ ముద్ద పెట్టుకొని చలిలో తిన్న ఉదయాలు తమ్ముడికీ నాకూ ఇప్పటికీ గుర్తు. అంట్లు తోమడానికి ఒక పొడవాటి తొట్ల గది ఉండేది. మగవాళ్లు ప్లాస్టిక్ టబ్బుల్లో గిన్నెలు పట్టుకొని వరుసగా నిలబడి తోముతుంటే అమ్మమ్మ చూసి వచ్చి, ఆ విషయం అమ్మకు ఎంతో మెచ్చుకోలుగా చెప్పింది.

చేరిన మరునాడు తెల్లవారకముందే అమ్మమ్మ లేచి చెరువు చుట్టూ తిరిగి వచ్చింది. నాన్న పొయ్యి మీద టీ నీళ్లు పెడుతున్నారు. అమ్మ ఇంకా లేవలేదు. ఆమె ఎప్పటిలా అమ్మ కోసం చూడకుండా సూటిగా నాన్ననే అడిగింది: "బాబూ, ఈ చెరువుకు తూము యాడుంది?"

నాన్న ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. ఇది తూము ఉండాల్సిన చెరువని మీకెలా తెలిసింది అత్తమ్మా అని అడిగారు. "కట్ట కనబడతలేదా? కొండ మధ్యల తిన్నగ గీత గీసినట్టు ఎవరన్న ఒడ్డు పెడ్తరా? అది దేవుడిచ్చిన ఒడ్డు కాదు, మనిషి పోసిన కట్ట. ఆ పక్కన అలుగు గూడ చూసిన. తూమే దొరకలే." అని ఆమె జవాబు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మమ్మ పుట్టిల్లు బయ్యారం దగ్గర. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన బయ్యారం పెద్ద చెరువు కింద వాళ్లకు కొద్దిగా పొలం ఉండేది. కట్ట మీద నడిచి, తూము దగ్గర వంతు కోసం కాచుకొని, అలుగు పారిన ఏడు పండగ చేసుకొని పెరిగిన మనిషి ఆమె. మిగతా క్యాంపింగ్ వాళ్లందరికీ అది ఈత కొట్టే సరస్సు. అమ్మమ్మకు మాత్రం మొదటి చూపులోనే చెరువు.

నాన్న టీ పొయ్యి ఆర్పేసి ఆమెను కట్ట మీదకు తీసుకువెళ్లారు. నేను వెనకే వెళ్లాను. కట్టకు ఆనుకొని ఒక చిన్న చెక్క గది ఉంది. దాని లోపల నిలువు కర్ర ఒకటి కిందికి దిగుతుంది. ఆ కర్రను పైకి లాగితే చెరువు అడుగున ఉన్న చెక్క గొట్టానికి బిగించిన బిరడా లేస్తుంది, నీళ్లు కట్ట కిందుగా బయటికి పోతాయి. నాన్న ఇది చెబుతుండగానే అమ్మమ్మకు అర్థమైపోయింది. "మన తూముకు రాతి స్తంభాలుంటయి, వీళ్లు పైన గుడిసె గట్టిండ్రు. అంతే తేడా," అంది. చలికాలంలో ఆ పరికరం గడ్డకట్టకుండా ఉండేందుకే గది కట్టారని నాన్న అన్నారు. కట్టలోంచి నీళ్లు ఊరకుండా లోపలివైపు గడ్డి వేళ్లతో ఉన్న మట్టి పెళ్లలను ఒకదాని మీద ఒకటి పేర్చి కుక్కేవారని కూడా చెప్పారు. అమ్మమ్మ వంగి కట్ట మీది గడ్డిని చేత్తో అదిమి చూసింది. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

అలాంటి చెరువులు ఆ కొండల నిండా ఉన్నాయి. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం వరకు గని కార్మికులు నూటికి పైగా చెరువులు కట్టి, వాటిని కలుపుతూ వందల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. పొలానికి పారించడానికి కాదు. గని లోతుకు వెళ్లే కొద్దీ ఊట నీరు చేరుతుంది. తోడకపోతే గని మునిగిపోతుంది. ఆవిరి యంత్రాలు ఇంకా రాని కాలం, చుట్టుపక్కల బొగ్గు లేని కొండలు. అందుకని కొండమీద పడిన వాన నీటిని చెరువుల్లో పట్టి, కాలువల్లో నడిపించి, గని దగ్గర పెద్ద పెద్ద చక్రాల మీద పోశారు. ఆ చక్రాలు తిరిగి పంపులను నడిపేవి, ముడి ఖనిజాన్ని పైకి లాగేవి. నీళ్లతోనే నీళ్లను తోడారు. 1715లో మొదలుపెట్టి 1722లో పూర్తిచేసిన ఓడర్ చెరువు దాదాపు 170 ఏళ్లపాటు జర్మనీలోకెల్లా పెద్ద జలాశయంగా నిలిచింది. ఈ మొత్తం ఏర్పాటును 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మేము వెళ్లిన రోజుల్లో మాత్రం వానకోట్లు వేసుకొని నడిచేవాళ్లు తప్ప ఆ కాలువల వెంట ఎవరూ కనిపించేవారు కాదు.

మేము ఆ కాలువల వెంట చాలా నడిచాం. ఒకచోట రెండు కొండల మధ్య పల్లం వచ్చింది. నీళ్లను ఈ కొండ నుంచి ఆ కొండకు దాటించడానికి 1732 నుంచి 1734 మధ్య అక్కడ దాదాపు కిలోమీటరు పొడవున మట్టికట్ట పోసి, దాని మీద కాలువ నడిపారు. స్పెర్బర్‌హాయర్ డామ్ అని దాని పేరు. నాన్న, అమ్మమ్మ ముందు నడుస్తుంటే మేము వెనక నడిచాం. అమ్మమ్మ ఒక స్ప్రూస్ రెమ్మను తుంచి కాలువలో వేసి, దాని పక్కనే అడుగులు వేస్తూ నడిచింది. నడకకూ ప్రవాహానికీ ఎంత తేడా ఉందో చూసుకొని, "వాలు శానా తక్కువ పెట్టిండ్రు, మట్టి కోయకుండ" అంది. కాలువ వాలు నిర్ణయించడంలో ఇంజనీర్లు ముందుగా చూసేది ఆ విషయమేనని నాన్న అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కనిపించిన గౌరవం అల్లుడు అత్తగారికి మర్యాద కోసం చూపేది కాదు. పని తెలిసినవాళ్లు పని తెలిసినవాళ్లకు ఇచ్చేది.

వాన పట్టిన రోజుల్లో కొండలు కనిపించేవి కావు. టెంటు గుడ్డ లోపలివైపు వేలు తగిలిస్తే అక్కడి నుంచే కారడం మొదలవుతుందని తమ్ముడికి ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. అలాంటి ఒక రోజున సెల్లర్‌ఫెల్డ్‌లోని గనుల మ్యూజియానికి వెళ్లాం. అక్కడ నాన్న కదలకుండా నిలబడిపోయిన చోటు ఒకటుంది. గాజు వెనక ఉన్నది ఒక ఇనుప తాడు, అంతే. కానీ తీగలతో పేనిన తాడు పుట్టింది క్లాస్టాల్‌లోనే, 1834లో. అంతకుముందు గనుల్లో జనపనార మోకులు, ఇనుప గొలుసులు వాడేవారు. మోకు తేమకు కుళ్లిపోతుంది. గొలుసు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్క కడియం విరిగి తెగిపోతుంది. అక్కడి గనుల ఉన్నతాధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్, నాలుగు ఇనుప తీగలను ఒక పేటగా మెలిపెట్టి, అలాంటి మూడు పేటలను కలిపి పేనించాడు. ఒక తీగ తెగినా మిగతావి బరువు మోస్తాయి. తెగిన తీగ పైకి లేచి కనిపిస్తుంది కాబట్టి తాడు మార్చే వ్యవధి దొరుకుతుంది. ఈనాటి లిఫ్టులు, క్రేన్లు, వేలాడే వంతెనలు, సింగరేణి బాయిలో మనుషుల్ని దించే పంజరం, అన్నిటికీ మూలం ఆ తాడే.

నాన్న ఇదంతా మాకు చెబుతుంటే అమ్మమ్మ గాజుకు దగ్గరగా ముఖం పెట్టి తాడు మెలికను చూస్తూ ఉంది. తర్వాత ఆమె ఒక సంగతి చెప్పింది. తాతయ్య ఉన్న బాయిలో ఒకసారి టబ్బులు లాగే హాలేజీ రోపు తెగిందట. టబ్బులు వెనక్కి దొర్లి వస్తుంటే తాతయ్య, తోటి మనిషి పక్క గోడలోని గూట్లోకి దూకి బతికారట. ఆ రాత్రి తాతయ్య అన్నం తినకుండా చేతులు చూసుకుంటూ కూర్చున్నాడట. అమ్మకు కూడా ఆ సంగతి అంతవరకు తెలియదు. నాన్న చాలాసేపు ఊరుకొని, ఏ బాయి, ఏ సంవత్సరం, ఏ షిఫ్టు అని అడిగారు. అమ్మమ్మ మూడింటికీ జవాబు చెప్పింది.

గోస్లార్ పట్టణం పక్కనున్న రామెల్స్‌బెర్గ్ గని గురించి నాన్న ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. అది 1988లో మూతపడింది. 1992లో గోస్లార్ పాత పట్టణంతో కలిపి దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. మధ్యయుగంలో జర్మన్ చక్రవర్తులు గోస్లార్‌లో భవనం కట్టుకొని కొలువు తీరడానికి ఆ వెండి కూడా ఒక కారణం. మేము ఆ భవనం కూడా చూశాం. పెద్ద హాలు, గోడల నిండా చిత్రాలు, చలువ రాళ్లు. అమ్మకు బాగా నచ్చింది. నాకు మాత్రం ఇప్పుడు అందులో ఏదీ స్పష్టంగా గుర్తు లేదు.

గని మాత్రం అణువణువూ గుర్తుంది. హెల్మెట్లు పెట్టుకొని, 1800 సంవత్సరం ప్రాంతంలో తొలిచిన రోయెడర్ సొరంగంలోకి నడిచాం. లోపల ఏడాది పొడవునా ఒకటే చలి. గోడల మీద ఖనిజపు నీరు ఊరి ఎండిన చోట్ల నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల పొరలు ఏర్పడ్డాయి. దీపం పడితే తడిగా మెరిసేవి. ఆ తర్వాత చీకటి గదిలో, రాతిని తొలిచి చేసిన ఖాళీలో, మా ఇంటికన్నా ఎత్తుగా ఒక చెక్క చక్రం నిలిచి ఉంది. దానికి రెండు వరుసల అరలు, ఒకదానికొకటి ఎదురు దిక్కులో. నీళ్లను ఒక వరుస మీద వదిలితే చక్రం ఇటు తిరుగుతుంది, రెండో వరుస మీద వదిలితే అటు తిరుగుతుంది. అలా ఖనిజపు తొట్టిని దించనూవచ్చు, లాగనూవచ్చు. కొండమీద చూసిన చెరువుల నీరు చేసే పని ఏమిటో అమ్మమ్మ అక్కడ కళ్లారా చూసింది. నీరు పని ముగించుకొని ఎటు పోతుందని గైడును అడగమని నాతో అంది. కింది సొరంగం గుండా లోయలోకి పోతుందని ఆయన చెప్పాడు. ఆ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువని కూడా అన్నాడు.

ఆ గనిలో రాయి ఎంత గట్టిదంటే ఉలి దిగేది కాదట. అందుకని రాతి ముందు కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి రాయి పగిలి ఊడేది. 19వ శతాబ్దం చివరి భాగం వరకు ఆ పద్ధతి నడిచింది. కొండల మీది అడవి ఎలా తరిగిపోయిందో నాన్న అక్కడే మాకు చెప్పారు. మంటకు కట్టె, లోహం కరిగించడానికి కర్రబొగ్గులు, పైకప్పు నిలబెట్టడానికి దుంగలు. గని పైనున్న చెట్టును కూడా తిన్నది.

బయటికి వచ్చాక కార్మికులు బట్టలు మార్చుకునే పెద్ద గది చూపించారు. అక్కడ బీరువాలు లేవు. ఒక్కొక్కరి బట్టలను కొక్కేనికి తగిలించి, గొలుసుతో పైకప్పు దాకా లాగి, కింద తాళం వేసేవారు. తడి బట్టలు పైనున్న వేడిగాలికి ఆరేవి. పక్కనే స్నానాల గది. అమ్మమ్మ తల పైకెత్తి ఆ కొక్కేలను చాలాసేపు చూసింది. "మసి ఇక్కడ్నే కడుక్కొని తెల్లగ ఇంటికి పోయేటోళ్లా?" అని అడిగింది. అవునన్నాను. తాతయ్య ఇంటికి వచ్చేసరికి కళ్లు, పళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావని, ఆయన బట్టలు ఉతికిన రాయి దగ్గర ఎప్పుడూ నల్లటి మడుగు ఉండేదని, బాయి దగ్గర స్నానాల గదులు తర్వాతెప్పుడో వచ్చాయని చెప్పింది. తోటి ఇంజనీరులా నాన్న ఏదో సమాధానం చెబుతారని నేను చూశాను. ఆయన చెప్పలేదు. "అది ముందే కట్టాల్సింది అత్తమ్మా" అన్నారు.

మా పక్క టెంటులో హాల్బర్‌స్టాట్ నుంచి వచ్చిన వృద్ధ దంపతులు ఉండేవారు. అది ఒకప్పటి తూర్పు జర్మనీ పట్టణం. రెండు జర్మనీల సరిహద్దు హార్జ్ కొండలను నిలువుగా చీల్చుకుంటూ పోయేది. బ్రోకెన్ శిఖరం తూర్పు వైపు ఉండిపోయింది. 1961 ఆగస్టు నుంచి ఆ శిఖరం సైనిక ప్రాంతం. సోవియట్ సైనికులు, పశ్చిమం మాటలు వినే యంత్రాలు, చుట్టూ కాంక్రీటు గోడ. ఆ పెద్దాయన ఇంటి వీధి చివర నుంచి బ్రోకెన్ కనిపించేదట. చిన్నప్పుడు తండ్రితో ఎక్కిన ఆ కొండను ఇరవై ఎనిమిదేళ్లపాటు దూరం నుంచి చూస్తూ బతికాడు. 1989 డిసెంబరు 3న, బెర్లిన్ గోడ తెరుచుకున్న మూడున్నర వారాలకు, వందలాది మంది గేటు తెరవమని అడుగుతూ మంచులో ఆ కొండ ఎక్కారు. సైనికులు గేటు తెరిచారు. ఆ నడిచినవాళ్లలో ఆయన ఒకడు. ఇప్పుడు భార్యతో కలిసి సరిహద్దుకు ఇవతలి వైపున ఉన్న కొండలు చూడటానికి వచ్చాడు. అమ్మమ్మ పంపిన పులిహోర తింటూ ఆయన ఇదంతా చెబుతుంటే, నేను ఒక్కొక్క వాక్యం తెలుగులోకి మార్చి ఆమెకు చెప్పాను. "ఇటు పక్కన సొంతోళ్లు ఎవరన్న ఉండెనా?" అని ఆమె అడిగింది. తమ్ముడున్నాడని ఆయన చెప్పాడు. మధ్య దూరం నలభై కిలోమీటర్లలోపే. అమ్మమ్మ ఆయన చేయి పట్టుకుంది. తర్వాత నేను తెలుగులోకి మార్చాల్సిన మాటలేవీ లేకపోయాయి.

ఆయన చెప్పిన దాన్ని బట్టే మేము బ్రోకెన్‌కు నడిచి కాకుండా వెర్నిగెరోడె నుంచి రైల్లో వెళ్లాం. మీటరు వెడల్పు పట్టాల మీద, 1950లలో చేసిన ఆవిరి ఇంజన్లు లాగే రైలు అది. అడవిలోంచి మెల్లగా ఎక్కి, చివర్లో శిఖరాన్ని చుట్టుకుంటూ పైకి చేరుతుంది. ఇంజన్ వెనక పెట్టెలో కూర్చున్నాం. మలుపులో పొగ కిటికీలోకి వచ్చినప్పుడు మిగతావాళ్లు అద్దాలు మూస్తుంటే అమ్మమ్మ మూయనివ్వలేదు. బొగ్గు వాసన ఆమెకు ఇంటి వాసన. పైన పొగమంచు తప్ప ఏమీ కనిపించలేదు. ఏడాదిలో సుమారు 300 రోజులు అక్కడ అంతేనట. గోడ ఉన్న చోటును నాన్న దిమ్మెల ఆనవాళ్లను బట్టి వెతికారు. తమ్ముడు చీపురు మీద కూర్చున్న మంత్రగత్తె బొమ్మ ఒకటి కొనుక్కున్నాడు. మేము ఆ మంచులోనే శిఖరం చుట్టూ నడిచి, వేడి బఠానీ సూపు తాగి, దిగి వచ్చాం. ఆ సాయంత్రం పెద్దాయన ఏం చూశారని అడిగితే, అమ్మమ్మ నా కోసం ఆగకుండా తెలుగులోనే, "ఏం కనబడలే, అయినా ఎక్కినం" అంది. ఆయనకు అది అర్థమైనట్టే అనిపించింది.

సాంక్ట్ ఆండ్రియాస్‌బెర్గ్‌లోని సామ్సన్ గని గురించి రెండు మాటలు. 810 మీటర్ల లోతున్న ఆ గనిలోకి ఒకప్పుడు నిచ్చెనల మీద దిగేవారు; పని ముగిశాక అన్ని మీటర్లు తిరిగి ఎక్కేవారు. 1830లలో పక్కపక్కనే పైకీ కిందికీ కదిలే రెండు తాళ్లకు మెట్లు బిగించి, ఒక దాని మీది నుంచి మరొక దాని మీదకు అడుగు మారుస్తూ దిగే ఏర్పాటు చేశారు. మేము వెళ్లేనాటికి కూడా అది పనిచేస్తూనే ఉంది. గని లోపల పెట్టిన జలవిద్యుత్ కేంద్రానికి సిబ్బంది దాని మీదే దిగుతారని విని నాన్న మళ్లీ నోట్‌బుక్ తీశారు. క్వెడ్లిన్‌బర్గ్‌లో చెక్క చట్రాల పాత ఇళ్ల వీధుల్లో ఒక పూట తిరిగాం. అందమైన ఊరు, కానీ అప్పటికి మా అందరి మనసూ గనుల దగ్గరే ఉంది.

ఈ మధ్య, 2022లో, నా పిల్లల్ని ఆ కొండలకు తీసుకువెళ్లాను. మేము టెంటు వేసుకున్న నాటి ఆకుపచ్చ వెళ్లిపోయింది. 2018 నుంచి వరసగా వచ్చిన ఎండాకాలాలకు స్ప్రూస్ చెట్లు నీరసించాయి. బలంగా ఉన్న చెట్టు జిగురు ఊరించి పురుగును ముంచేస్తుంది, దాహంతో ఉన్న చెట్టుకు ఆ శక్తి ఉండదు. అర సెంటీమీటరు పొడవుండే బెరడు పురుగు కొండలకు కొండల్నే ఎండబెట్టింది. బ్రోకెన్ చుట్టూ బూడిద రంగు మోడులు, వాటి కింద కొత్తగా లేచిన రోవన్, బర్చ్ మొక్కలు. నేషనల్ పార్కు వాళ్లు చాలాచోట్ల ఎండిన చెట్లను అలాగే వదిలేసి అడవిని తనంతట తాను తిరిగి రానిస్తున్నారు. ఆ ఫొటోలు హైదరాబాదులో ఉన్న నాన్నకు పంపితే వెంటనే ఫోన్ చేశారు. "అది అడవి కాదమ్మా, గని కోసం వేసిన తోట. బీచ్ చెట్లు నరికేసి, తొందరగా పెరుగుతుందని ఒక్క స్ప్రూసే వేశారు. అత్తమ్మ ఉంటే కట్టను పట్టినట్టే ఇదీ పట్టేసేది" అన్నారు. చెరువులు, కాలువలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నా కొడుకు తూము గదిని చూసి అదేమిటని అడిగితే, నేను అమ్మమ్మ మాటల్లోనే చెప్పాను.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ ప్రయాణం జరిగిన మరుసటి ఏడాది సంక్రాంతికి మేము ఇల్లందు వెళ్లాం. సాయంత్రం కాగానే తాతయ్యతో పనిచేసి రిటైరైన వాళ్లు ఆమె అరుగు మీద చేరేవారు. విమానం గురించి, మంచు గురించి అడిగినవాళ్లకు ఆమె పొడిగా ఒక మాట చెప్పి ఊరుకునేది. వాళ్లకు కావలసింది కూడా అది కాదు. ఎంత లోతు? నీళ్లు ఎట్ల తోడిండ్రు? పైకప్పుకు ఏం కర్ర పెట్టిండ్రు? గ్యాసు ఉండెనా? "అది బొగ్గు కాదు, రాయి. గ్యాసు రాదట. అందుకే దీపం మంట బయటికే పెట్టుకొని దిగేటోళ్లట" అని ఆమె చెబుతుంటే వాళ్లు తలలూపారు. చక్రం అటూ ఇటూ ఎలా తిరుగుతుందో చెప్పాల్సి వచ్చేసరికి మాటలు చాలలేదు. ఆమె లోపలికి చూసి, అమ్మను కాదు, నాన్ననే పిలిచింది: "బాబూ, ఒకసారి బయటికి రాండ్రి. వీళ్లకు ఆ చక్రం సంగతి చెప్పాలె." నాన్న వచ్చి, వద్దంటున్నా వినకుండా, కుర్చీ వదిలి ఆ ఫిల్లర్ల మధ్య అరుగు మీదే కూర్చొని, నా లెక్కల నోట్‌బుక్‌లోంచి కాగితం చింపించుకొని బొమ్మ గీయడం మొదలుపెట్టారు. రెండో వరుస అరలను ఆయన తప్పు దిక్కులో గీశారని అమ్మమ్మ వేలుపెట్టి చూపించింది. ఆయన చెరిపేసి మళ్లీ గీశారు. అన్నానికి అమ్మ ఎన్నిసార్లు పిలిచినా ఎవరూ లేవలేదు.